అల్మరాలో పదిహేడు నోళ్ళు

చరిత్ర రాసేవాళ్ళకు ఒక చెడ్డ అలవాటుంది. ఎక్కడో ఒక కోట కూలితేనో, ఒక రాజు తల తెగితేనో తప్ప కొత్త యుగం మొదలైందని ఒప్పుకోరు. అందుకే ఎన్నో మహత్తర ఘట్టాలు ఏ పుస్తకానికీ ఎక్కకుండానే పోయాయి. వాటిలో ఒకటి ఆరేళ్ళ క్రితం, ఒక మంగళవారం నాడు, సాయంత్రం నాలుగు గంటల రెండు నిమిషాలకు, ఒక పళ్ళ ఆసుపత్రి వెనకగదిలో జరిగింది. పళ్ళ మేస్త్రి ఒక పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

సాక్షులు లేరు. ఫిరంగులు పేలలేదు. బిళ్ళ తెల్లగా, గుండ్రంగా, మధ్యలో చిన్న చిల్లుతో ఉంది. దాన్ని నాలుకతో ఎడమ బుగ్గలోకి నెట్టి, అక్కడ ప్రతిష్ఠించి, ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. కరగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆరేళ్ళపాటు, సెలవు రోజులతో సహా, ఆ ముహూర్తం ఒక్కనాడూ తప్పలేదు. సామ్రాజ్యాలకు కూడా అంత క్రమశిక్షణ ఉండదు. కాకపోతే సామ్రాజ్యాలలాగే ఇదీ ఉన్నచోట ఉండలేదు. మొదట నాలుగింటికి ఒకటి. తర్వాత పదకొండింటికి ఇంకొకటి. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే బస్సులో ఒకటి. చివరికి, పళ్ళు తోముకున్నాక, పక్క మీద వాలేముందు ఒకటి. ఈ ఆఖరి దండయాత్ర గురించి ఆయన ఎవరికీ చెప్పలేదు. వేరే ఎవరైనా ఆ పని చేస్తున్నారని తెలిస్తే ఆయనే నాలుగు చీవాట్లు పెట్టి ఉండేవాడు.

ఎందుకంటే ఆయన పనే పళ్ళు. పళ్ళు పోయినవాళ్ళకు కొత్త పళ్ళు చేసిపెట్టడం. ముందుగదిలో డాక్టరమ్మ నోటి కొలత తీస్తుంది. గులాబీ రంగు మెత్తటి మందును ట్రేలో నింపి, దవడకు అదిమి, గట్టిపడ్డాక లాగి, గోడలో చెయ్యి పట్టేంత కిటికీలోంచి వెనక్కి అందిస్తుంది. వెనకగదిలో మేస్త్రి అందులో ప్లాస్టర్ పోస్తాడు. ఆరాక ఒక తెల్లటి దవడ బయటపడుతుంది. దాన్నే అచ్చు అంటారు. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి, ప్లేటు, అంటే కట్టుడు పళ్ళ వరస, తయారుచేసి అదే కిటికీలోంచి ముందుకు పంపుతాడు. ఇరవై అయిదేళ్ళుగా ఆయనకూ లోకానికీ మధ్య రాకపోకలన్నీ ఆ కిటికీగుండానే. రోజంతా ఆయన ముందు నోళ్ళే. వాటిలో ఒక్కటీ ఆయనతో మాట్లాడదు.

గది చిన్నది. ఒక బల్ల, బల్లకు బిగించిన సానచక్రం, చిన్న గ్యాసు మంట, మూతికి ప్లాస్టర్ గడ్డకట్టిన కుళాయి, ఎవరి ఎత్తుకూ సరిపోని స్టూలు. అసలు కిటికీ ఒకటి ఉంది గానీ, తెరిస్తే పక్క భవనం గోడ, ఆ గోడకు ఒక నీళ్ళగొట్టం కనిపిస్తాయి. వాన పడితే గొట్టం కారుతుంది. అదొక్కటే ఆ కిటికీలో జరిగే విశేషం.

మొహం చూడకుండా మనిషిని చదవడం మేస్త్రికి అబ్బిన విద్య. అచ్చు చేతిలోకి తీసుకుని దీపం కింద ఇటూ అటూ తిప్పితే చాలు. ఈయన నిద్రలో పళ్ళు కొరుకుతాడు. ఈవిడ కుట్టుపని చేస్తుంది, దారం కొరికి కొరికి ముందుపంటికి గాడి పడింది. ఈయన ఆఫీసులో కలం నములుతాడు, పైఅధికారి పిలిచినప్పుడు ఇంకాస్త గట్టిగా నములుతాడు. ఇవన్నీ ఆయన పైకే అనేవాడు. విని ఔననేవాళ్ళుగానీ, "ఛ, మరీ చెప్తారు" అనేవాళ్ళుగానీ ఆ గదిలో లేరు.

ఒకప్పుడు ఒకరుండేవారు, ఫోనులో.

మేస్త్రికి పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పేంత కథేమీ లేదు, కాలేదంతే. పెద్దక్కకు భర్త త్వరగా పోతే, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే ఇంట్లో రెండు గదులు పంచుకుని ఉండిపోయారు. అక్కకు షుగరు. ఇంట్లో చక్కెర డబ్బా అన్నది లేకుండా చేసింది ఆవిడే. "నాకు లేనిది నీకెందుకురా" అన్నది ఆవిడ రాజ్యాంగం. రోజూ సాయంత్రం నాలుగింటికి వెనకగదిలోని ఫోను మోగేది.

"టీ తాగావా?"

"తాగానక్కా."

"చక్కెర వేయించుకోలేదు కదా?"

"లేదక్కా."

"అబద్ధం చెప్తే నీ గొంతే చెప్తుంది. ఇవాళ ఎవరి నోరు?"

అప్పుడు మేస్త్రి దారం కొరికే ఆవిడ గురించో, కలం నమిలే ఆయన గురించో చెప్పేవాడు. అవతల అక్క పకపకా నవ్వేది. నిమిషమున్నర. అంతే ఆ సంభాషణ. ఆరేళ్ళ క్రితం ఆవిడ కాలివేలికి ఒక పుండు పడింది. అది మానలేదు. వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత ఆవిడే లేదు. ఆవిడ పోయాక మేస్త్రి పనిలోకి వచ్చిన మొదటి మంగళవారం, నాలుగైంది. ఫోను మోగలేదు. రెండు నిమిషాలు దానివంకే చూశాడు. అప్పుడు ముందుగదిలోకి వెళ్ళి, పిల్లల కోసం కౌంటరు మీద పెట్టిన డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసుకున్నాడు. (పళ్ళ ఆసుపత్రిలో పిల్లలకు మిఠాయి పంచడం ముందుచూపు ఉన్న వ్యాపారమని పాత డాక్టరుగారి అభిప్రాయం. ఆయన కూతురే ఇప్పటి డాక్టరమ్మ. కుర్చీ ఎక్కిన మొదటి వారమే ఆ డబ్బా ఎత్తేయించింది. మేస్త్రి దాన్ని ఖాళీ చేయమని ఇచ్చిన ఆదేశం పాటిస్తున్నట్టుగా వెనకగదికి మోసుకుపోయాడు.)

ఇక అల్మరా సంగతి చెప్పాలి.

చాలాకాలం కిందట ఒకసారి ప్లాస్టర్ సరుకు నాసిగా వచ్చి, తొమ్మిది అచ్చులు బీటలు వారాయి. తొమ్మిదిమంది రెండేసి వారాలు బోసినోళ్ళతో తిరిగారు. అప్పటినుంచి మేస్త్రి ఒక నియమం పెట్టుకున్నాడు. ఏడాదికోసారి కొత్త సరుకు రాగానే, మొదటి మూట విప్పి, ముందు తన నోటి అచ్చే తీసి చూస్తాడు. తన దవడకు తానే ట్రే అదుముకుని, మూడు నిమిషాలు ముక్కుతో ఊపిరి పీలుస్తూ, కళ్ళనీళ్ళు కారుతుండగా, ధ్యానంలో ఉన్నవాడిలా కూర్చుంటాడు. అచ్చు బీటలు వారకపోతే సరుకు మంచిదే. అడుగున పెన్సిలుతో సంవత్సరం వేసి అల్మరా పై అరలో పెడతాడు. అలా పదహారు దవడలు, వంశావళిలా, వరసగా పేరుకున్నాయి. మొదటివాళ్ళు దిట్టమైన రాజులు. పదో తరం దాకా కోటలో ఒక్క ఇటుక కదల్లేదు. పదకొండోదాంట్లో, అంటే అక్క పోయాక తీసిన మొదటిదాంట్లో, ఎడమవైపు ఒక పంటి మొదట్లో చిన్న గుంట. పన్నెండులో ఆ గుంట పక్కింటికి పాకింది. పద్నాలుగులో ఒక పన్ను లేదు. పదిహేనులో ఇంకోటి, పదహారులో మూడోది. రాజ్యాలు ఎలా పతనమవుతాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గ్రంథాలయం ఉండదు. కాకపోతే గ్రంథపాలకుడు ఆ పుస్తకాలు తెరవడం మానేశాడు. కొత్తది పెట్టేటప్పుడు పాతవాటివైపు చూడకుండా, తలుపు ఓరగా తీసి, చెయ్యి మాత్రం లోపలికి పోనిచ్చి పెట్టేవాడు.

ఆ మూడు పళ్ళూ ఎలా పోయాయంటే, ఒకటి రొట్టె కొరుకుతుంటే రొట్టెలోనే ఉండిపోయింది. ఒకటి కదులుతుంటే తానే పీకేసుకున్నాడు. మూడోది తుమ్మితే వచ్చింది. డాక్టరమ్మ ముందుగదిలో పది అడుగుల దూరంలో ఉన్నా, ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆయనకు మనస్కరించలేదు. మాట్లాడేటప్పుడు పై పెదవి కిందికి లాగి పట్టుకోవడం నేర్చుకున్నాడు. మాట్లాడే అవసరం ఎటూ తక్కువే.

ఈమధ్య ఇంకొన్ని విశేషాలు తోడయ్యాయి. దాహం. పూటకు మూడు సీసాల నీళ్ళు తాగుతున్నాడు. ప్లాస్టర్ దుమ్ము అలాంటిదని తనకు తాను చెప్పుకున్నాడు. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటే స్టూలు ఎత్తు మీద నెట్టాడు. నడుము బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడిచి, వయసుకు సన్నబడటం మంచిదే అనుకున్నాడు. కానీ చూపు ఒక్కటి ఎవరి మీదా నెట్టడానికి వీల్లేకుండా ఉంది. కొన్నాళ్ళు పళ్ళ గీతలు స్పష్టంగా కనిపించేవి, కొన్నాళ్ళు అన్నీ పాలల్లో మునిగినట్టుండేవి. కళ్ళజోడు ఏడాదిలో రెండుసార్లు మార్చాడు. మేస్త్రి పనంతా కంటితోనే. వెంట్రుకవాసి తేడా వస్తే ప్లేటు నోట్లో నిలవదు. కళ్ళు పోతే ఈ బల్ల పోతుంది. బల్ల పోతే, పొద్దున్నే లేచి బస్సెక్కి వెళ్ళడానికి ఆయనకు ఈ భూమ్మీద ఇంకో చోటు లేదు. అక్క గది అలాగే తాళం వేసి ఉంది. ఆ ఇంట్లో రోజంతా కూర్చోవడమంటే ఆయనకు కాలివేలు తీసేయడంకన్నా భయం. షుగరేమో అన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒక బిళ్ళ వేసుకుని దాన్ని పంపించేసేవాడు.

ఆ ఏడు కొత్త సరుకు వచ్చింది. మేస్త్రి తన దవడ కొలత తీసుకుంటూ కన్నీళ్ళ ధ్యానంలో ఉండగానే, గోడకిటికీలోంచి డాక్టరమ్మ చెయ్యి ఒక ట్రే అందించింది. వెంట ఒక చీటీ. అందులో పేషెంటు నంబరు, 'పై దవడ, ఎడమ, మూడు పళ్ళు' అని. మేస్త్రి రెండు ట్రేలలోనూ ఒకే కలుపు పోసి, పక్కపక్కన ఆరబెట్టాడు. విప్పగానే అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టడం ఆయన ఇరవై అయిదేళ్ళ నియమం. ఆవేళ విప్పగానే కళ్ళ ముందు పాలు పొంగాయి. కళ్ళజోడు కడుక్కోవడానికి వెళ్ళాడు, అక్కడే ఒక సీసా నీళ్ళు తాగాడు, తిరిగొచ్చాడు. బల్ల మీద రెండు తెల్లటి దవడలు. రెండింటికీ ఎడమవైపు మూడేసి పళ్ళు లేవు.

ఒకటి గట్టిగా ఉంది. పోయిన మూడూ తప్ప మిగతావి తీరుగా, కవాతులో నిలబడ్డట్టున్నాయి. రెండోది చూస్తే జాలేసింది. చిగుళ్ళు వాచి, అక్కడక్కడ పళ్ళ మొదళ్ళు బయటపడి, మిగిలిన పళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి.

మనిషన్నవాడు ఇలాంటి సందర్భంలో ఏం చేస్తాడో మేస్త్రీ అదే చేశాడు. బాగున్నదాన్ని తనదనుకున్నాడు.

చిన్న సందేహం రాకపోలేదు. తన ముందుపన్ను పుట్టినప్పటినుంచీ కాస్త వంకర. ఈ అచ్చులో తిన్నగా ఉంది. "సర్దుకుని ఉంటుంది," అని పైకే అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, రాత్రికి రాత్రి, పన్ను సర్దుకోవడం వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదని ఆయనకు తెలియంది కాదు. తెలిసినవన్నీ ఒక్కోసారి అడ్డొస్తాయి. అడుగున సంవత్సరం వేసి, తలుపు ఓరగా తీసి, పదిహేడో రాజును సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. ఇంటికెళ్ళే బస్సులో ఒకటికి రెండు బిళ్ళలు వేసుకున్నాడు.

ఇక మిగిలిన అచ్చు మీద పేషెంటు నంబరు వేసి, నాలుగు రోజులు దాంతో కాపురం చేశాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ ప్లేటూ చేయలేదు. కళ్ళు తేటగా ఉన్న గంటల్లోనే ముట్టుకున్నాడు. మిగతా వేళల్లో వేళ్ళతో తడిమి చూశాడు. తడుముతుంటే మనిషి తెలిశాడు. "ఒక్కవైపే నములుతున్నావు నాయనా. ఇటు నొప్పి కదూ," అన్నాడు అచ్చుతో. "ఈ బుగ్గలో ఏదో తీపి పెట్టుకుని చప్పరిస్తుంటావు. పళ్ళన్నిటినీ మొదళ్ళ దగ్గరే తినేసింది. ఇదిగో, ఇక్కడ చీముగడ్డ కూడా లేచింది. ఇంత జరుగుతుంటే చెప్పేవాళ్ళు లేరా? ఇంట్లో ఎవరూ లేనట్టుంది, పాపం." ఆ మాట అన్నాక కాసేపు సానచక్రం తిప్పకుండా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయనకు ఒక అచ్చు మీద అంత ఆపేక్ష కలగడం అదే మొదలు. నాలుగింటికి, దానికి ఎదురుగా కూర్చునే, బిళ్ళ వేసుకున్నాడు.

అయిదోనాడు ప్లేటు ముందుకు వెళ్ళింది. పది నిమిషాలకు కిటికీలోంచి డాక్టరమ్మ గొంతు.

"మేస్త్రిగారూ, ఒకసారి ఇటు రండి. ఆ అచ్చు కూడా పట్టుకురండి."

కుర్చీలో ఒక భారీ మనిషి పడుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపి, ఇంజను చప్పుడుతో పోటీపడి మాట్లాడటం అలవాటై, ఇప్పుడు ఇంజను లేకపోయినా తగ్గించలేకపోతున్న గొంతు. లారీ దిగి ఆర్నెల్లయ్యాక, ఇంట్లో మెట్లు దిగుతూ పడి పళ్ళు రాలగొట్టుకున్నాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఇవి నాకు చేశావా, మా బావమరిదికి చేశావా? నోట్లో పెట్టుకుంటే తలుపు సందులో చెప్పు ఇరుక్కున్నట్టుంది!"

"అచ్చు మీద గీత తేడా లేకుండా కూర్చుందండీ," అన్నాడు మేస్త్రి, పెదవి లాగి పట్టుకుని.

"అచ్చు మీద కూర్చుంటే నాకేం లాభం? అన్నం తినేది అచ్చు కాదుగా!"

డాక్టరమ్మ అచ్చు తీసుకుని డ్రైవరు నోట్లోకి చూసింది, అచ్చువైపు చూసింది, మళ్ళీ నోట్లోకి చూసింది.

"ఇది ఈయన నోరు కాదు."

"ముమ్మాటికీ కాదు," అన్నాడు డ్రైవరు, చూడకుండానే.

ఆవిడ అచ్చును దీపం కిందికి తీసుకెళ్ళి తిప్పసాగింది. ఆవిడకూ ఆ అలవాటు ఉంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి వెనకగదిలో కూర్చుని మేస్త్రి దగ్గరే నేర్చుకుంది.

"ఎవరిదో గానీ చాలా అన్యాయంగా ఉంది. ఇది ఉత్త పిప్పిపళ్ళ వ్యవహారం కాదు మేస్త్రిగారూ. పిప్పి పన్నయితే ఒకటీ రెండూ పుచ్చుతాయి. ఇక్కడ దవడ ఎముకే కరిగిపోతోంది, పళ్ళు నిలబడటానికి నేల లేదు. చిగుళ్ళ పుళ్ళు మానడం లేదు. నేనైతే ముందు రక్తంలో షుగరు చూస్తాను. ఇది ఎవరిదో వెతికి, వెంటనే రమ్మనండి. మనం ఎవరికో ఈ ముక్క చెప్పకుండా పంపించేసినట్టున్నాం."

"పాపం," అన్నాడు డ్రైవరు, గొంతు ఒక గేరు తగ్గించి. "ఇంట్లో అడిగేవాళ్ళు లేనట్టుంది."

మేస్త్రి సరేనని, ప్లేటూ అచ్చూ తీసుకుని వెనకగదిలోకి వచ్చాడు. తలుపు దగ్గరకు వేశాడు. చాలాకాలం తర్వాత అల్మరా రెండు తలుపులూ బార్లా తెరిచాడు. పదహారుమంది వరసగా ఉన్నారు. ముందుపన్ను అందరికీ కాస్త వంకర. పదిహేడోవాడికి తిన్నగా ఉంది. పదిహేడోవాడు ఆ వంశంవాడు కాదు.

ఇప్పుడాయన ముందు రెండు దారులున్నాయి. ఎవరిదో పాత అచ్చు కలిసిపోయిందని చెప్పి, దాన్ని చెత్తబుట్టలో వేసి, అల్మరాలోని అచ్చు మీద డ్రైవరుకు కొత్త ప్లేటు చేసివ్వడం ఒకటి. ఎవరూ అడగరు. ఇరవై అయిదేళ్ళలో ఒక్క పొరపాటు ఎవరికైనా చెల్లుతుంది. నిజం చెప్పడం రెండోది. చెబితే, అచ్చులు ఎలా మారాయని అడుగుతారు. మసక చూపు బయటపడుతుంది. మసక చూపు మేస్త్రిని ఏ ఆసుపత్రీ ఉంచుకోదు.

ప్లేటు చేతిలోనే ఉంది. ఎందుకో తోచక, కడిగి, నోట్లో పెట్టుకున్నాడు. టక్కుమని కూర్చుంది. ఇరవై అయిదేళ్ళలో ఆయన చేసిన ప్లేట్లన్నిటిలోకీ అంత బాగా కుదిరింది లేదు. నాలుకతో తడిమి చూశాడు. ఎక్కడా గుచ్చుకోలేదు, కదల్లేదు. నాలుగు రోజులపాటు తాను ఎవరిమీద జాలిపడ్డాడో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కుళాయి పైన చిన్న అద్దం ఉంది. అందులో చూసుకుందామనుకున్నాడు గానీ, అంతా పాలల్లో మునిగి ఉంది.

తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చాడు.

"ఆ నోరెవరిదో దొరికిందమ్మా," అన్నాడు. పెదవి లాగిపెట్టుకోలేదు.

డాక్టరమ్మ ఆయన నోటివైపు చూసింది.

"బాగానే కూర్చుందే!" అన్నాడు డ్రైవరు. "పోనీలే, ఎవరి పళ్ళు వాళ్ళకు చేరాయి. మరి నావో?"

డాక్టరమ్మ డ్రైవరును లేపి, ఆ కుర్చీలో మేస్త్రిని కూర్చోబెట్టింది. ఆ కుర్చీ ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. పైన దీపం చుట్టూ దుమ్ము పట్టి ఉందని అప్పుడే తెలిసింది. ఆవిడ వేలికొస గుచ్చి చిన్న మిషనులో ఒక చుక్క వేసింది. మిషను మూడువందల పన్నెండు చూపించింది.

"మిషను పాతదేమో," అన్నాడు మేస్త్రి.

"కిందటి వారమే కొన్నాను."

"ఇందాకే ఒక బిళ్ళ వేసుకున్నాను. దానివల్ల..."

"ఒక్క బిళ్ళకు ఇంత రాదు. మీ అక్కగారికీ ఉండేది కదా, మీ ఒంట్లోనూ ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో. బిళ్ళలు దానికి మేత వేశాయి, అంతే." ఆవిడ గొంతులో కోపం, ఇంకేదో, రెండూ ఉన్నాయి. "మేస్త్రిగారూ, నోరు వేరు ఒళ్ళు వేరు అనుకుంటారు అందరూ. రక్తంలో చక్కెర ఎక్కువైతే చిగుళ్ళ పుండు మానదు. చిగుళ్ళలో చీమున్నంతకాలం చక్కెర దిగిరానంటుంది. దాన్ని ఇది ఎగదోస్తుంది, దీన్ని అది ఎగదోస్తుంది. రెండూ ఒకేసారి పట్టుకోవాలి. ఇదంతా మీకు తెలియదా?"

"తెలుసమ్మా."

"మరి?"

మేస్త్రి దీపం చుట్టూ ఉన్న దుమ్మువైపు చూశాడు. "కళ్ళు సరిగ్గా కనిపించడం లేదమ్మా. కొన్నాళ్ళుగా. అందుకే అచ్చులు మారిపోయాయి. నేనింక వెనకగదికి పనికిరానేమో."

"కంటి డాక్టరుకు రేపే చూపిద్దాం. చక్కెర ఎక్కువ తక్కువలకు చూపు మసకబారడం మామూలే, అది దిగితే కొన్ని వారాల్లో తేటపడొచ్చు. అంతదాకా నంబరు వేసేముందు నన్నొకసారి పిలవండి."

"తప్పు చేశాను కదమ్మా."

"మీరు చేసిన తప్పు మీ నోట్లో బ్రహ్మాండంగా కూర్చుంది," అంది డాక్టరమ్మ. "ఇంతకన్నా మంచి ప్లేటు చూపించండి, ఉద్యోగంలోంచి తీసేస్తాను."

మరుసటి రోజు వేరే ఆసుపత్రిలో రక్తం తీసి, గడిచిన మూడు నెలల సగటు చెప్పారు. పదకొండు దాటింది. ఆరున్నరకే జబ్బంటారట. మాత్రలు రాశారు. కంటి డాక్టరు లోపల పెద్ద నష్టమేమీ జరగలేదన్నాడు. డాక్టరమ్మ రెండు వారాల్లో నాలుగుసార్లు కూర్చోబెట్టి చీముగడ్డ తీసింది, చిగుళ్ళ కింద గార గీకింది. బిళ్ళల డబ్బాను తన చేత్తోనే ఖాళీ చేసి, కడిగి, వెనకగదికే తిరిగిచ్చింది. మేస్త్రి అందులో పెన్సిళ్ళు పెట్టుకున్నాడు.

కష్టమంతా నాలుగింటికే. మాత్ర మింగడం కష్టం కాదు, మందు అంత చేదు కూడా కాదు. నాలుగు గంటలు కావడమే కష్టం. బుగ్గ ఖాళీగా, గది ఖాళీగా, పదకొండు నిమిషాలు. మొదటి రోజు ఆయన గోడకున్న నీళ్ళగొట్టాన్ని చూస్తూ కూర్చున్నాడు. వాన లేదు.

రెండో రోజు నాలుగింటికి ఫోను మోగింది.

మేస్త్రి చేతిలోని మైనపు కత్తి కిందపడింది. ఆరో మోతకు ఎత్తాడు.

"ఏమయ్యా, నా పళ్ళెంతవరకు వచ్చాయి?" డ్రైవరు. చెవి కాస్త దూరంగా పెట్టుకోవలసి వచ్చింది.

"మైనం కట్టానండీ."

"మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేస్తాను. లేవగానే ఇంట్లో రొట్టె కాలుస్తారు, నేనేమో నానబెట్టుకుని తాగాలి! అన్నట్టు నీకెలా ఉంది? ఎంతుందివాళ?"

"రెండువందల అరవై."

"ఇంకా హైవే మీదే ఉన్నావన్నమాట. బ్రేకు మీద కాలుంచు."

మర్నాడూ నాలుగింటికే మోగింది. ఆ మర్నాడూ మోగింది. పళ్ళ సంగతి ఒక్క మాటలో తేల్చేసి డ్రైవరు లోకాభిరామాయణంలోకి దిగేవాడు. ముప్పై ఏళ్ళు లారీలో ఒక్కడే మాట్లాడుకుని అలవాటైన మనిషికి ఇంట్లో వింటున్నవాళ్ళు తక్కువయ్యారని మేస్త్రికి తోచింది. నాలుగోరోజు మేస్త్రి, అడక్కుండానే, దారం కొరికే ఆవిడ సంగతి చెప్పాడు. అవతల నవ్వుకు రిసీవరు అదిరింది.

మామూలుగా అయితే ఆ ప్లేటు అయిదు రోజుల పని. మేస్త్రి ఎనిమిదో రోజున కూడా మెరుగుపెడుతూనే ఉన్నాడు. గీరాల్సిందేమీ లేదు. ఇంకో రెండు రోజులు ఏదో ఒకటి చెప్పొచ్చు. మైనం కుదరలేదనొచ్చు, రంగు కలవలేదనొచ్చు. డ్రైవరు కేకలేస్తాడు, మళ్ళీ ఫోను చేస్తాడు. ఎనిమిదో రోజు నాలుగింటికి ఫోనులో అవతలివైపు ఎవరో పలకరించబోతే "ఉండవే, పళ్ళ మేస్త్రితో మాట్లాడుతున్నా" అని డ్రైవరు గసిరాడు. తర్వాత నానబెట్టిన రొట్టె జుర్రుకుంటున్న చప్పుడు వినిపించింది. మేస్త్రి చేతిలోని ప్లేటువంక చూశాడు.

"అయిపోయిందండీ," అన్నాడు. "రేపు పొద్దున రండి."

తొమ్మిదో రోజు పొద్దున ప్లేటు డ్రైవరు నోట్లో కూర్చుంది. ఆయన కౌంటరు అమ్మాయికి, డాక్టరమ్మకు, వీధిలో పోయేవాళ్ళకు నవ్వి చూపించాడు. గోడకిటికీలోంచి చెయ్యి వెనక్కి పెట్టి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. పెద్ద చెయ్యి, కిటికీలో ఒక క్షణం ఇరుక్కుంది. ఆరోజు నాలుగింటికి ఫోను మోగలేదు. మర్నాడూ మోగలేదు. పళ్ళు బాగున్నవాళ్ళు పళ్ళ మేస్త్రికి ఫోను చేయరు. ఇది ఆ వృత్తిలో అందరూ ఎరిగిన సంగతే.

మేస్త్రి పెన్సిళ్ళ డబ్బా తెరిచి, మూసి, మంచినీళ్ళు తాగాడు. పూటకు ఒక్క సీసాకే దాహం తీరుతోంది.

మూడు నెలలు గడిచాయి. అరికాళ్ళలో చీమలు కొంత పల్చబడ్డాయి. పాలు విరిగిపోయి పళ్ళ గీతలు మళ్ళీ గీతల్లా కనిపించసాగాయి. పాత కళ్ళజోళ్ళలో మొదటిదే ఇప్పుడు సరిపోతోందని తేలింది. సగటు ఏడుకు దిగింది. కాగితం చూసి డాక్టరమ్మ ముందుగదిలోంచే చప్పట్లు కొట్టింది. కౌంటరు అమ్మాయి, "బాబాయ్‌గారూ, మీరు చిక్కిపోయారనుకున్నాం, ఇప్పుడు కదా మనిషయ్యారు" అంది.

ఇంతటి ఘనవిజయాన్ని నమోదు చేయకపోతే చరిత్రకు ద్రోహం చేసినట్టే. సరుకు కొత్తది రాకపోయినా, నియమం పక్కనబెట్టి, మేస్త్రి తన నోటి అచ్చు తీశాడు. ఏకాగ్రతగా కలిపాడు, పోశాడు, విప్పగానే కళ్ళు ఇటూ అటూ తిప్పకుండా సంవత్సరం వేశాడు. అల్మరా తలుపులు రెండూ తెరిచి, ఖాళీగా ఉన్న పదిహేడో స్థానంలో నిలబెట్టి, అడుగు వెనక్కి వేసి చూశాడు. పోయిన మూడు పళ్ళూ పోయినట్టే ఉన్నాయి. ముందుపన్ను వంకరగా ఉంది. చిగుళ్ళు మాత్రం గట్టిపడి, అణిగి, పంటిని అంటిపెట్టుకుని ఉన్నాయి.

అక్క ఉంటే ఈవేళ ఎవరి నోరని అడిగేది. మేస్త్రి జవాబు పైకే చెప్పాడు. గది విన్నది.

తర్వాత చేతులు కడుక్కుని, ప్లేటు తీసి నోట్లో పెట్టుకున్నాడు. టక్కుమనలేదు. నాలుకతో నెడితే అటూ ఇటూ ఊగింది.

చిగుళ్ళ వాపు తగ్గింది కాబట్టి ప్లేటు వదులైంది. కొత్తది చేసుకోవాలి.